ఓడ చెక్క

మా అన్నయ్య పోయి నెల దాటింది. అప్పటినుంచి పెందుర్తిలో మా మేనల్లుడి ఫ్లాటులోనే ఉంటున్నాను. వాడు రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తాడు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక, ఇంట్లోనూ పనిచేసే చోటా వృథా తగ్గించుకోవడం గురించి వాళ్ళ ఆఫీసులో ఒక చిన్న సభ పెడుతున్నారని, అందులో తనూ మాట్లాడాలని చెప్పాడు. కాగితం రెండువైపులా వాడడం, ప్లాస్టిక్ సీసాలు మానడం, పాత వస్తువులు బాగుచేయించుకోవడం, అలాంటివి. చెబుతూ చెబుతూ నా వైపు తిరిగాడు.

“నాన్న చెప్పేవారత్తా. మీ చిన్నప్పుడు ఇంట్లో సామానంతా ఓడల్లోంచి వచ్చిన చెక్కతో చేసిందేనట కదా. మీరు అప్పుడే ఎంత ముందున్నారో చూడు. అది చెప్తే మావాళ్ళు భలే వింటారు. కొంచెం రాసివ్వవా?”

తండ్రి పోయాక వాడు అంత ఉత్సాహంగా మాట్లాడడం అదే మొదలు. సరేనన్నాను. కాగితం ముందు కూర్చున్నాక, అన్నయ్య కొడుక్కి సగమే చెప్పాడని అర్థమైంది. మిగతా సగం ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నేనూ ఎవరికీ చెప్పలేదు. మేము గొప్పగా బతికామని వాడు అనుకుంటున్నాడు. అలా బతుకుతున్నందుకు మేము సిగ్గుపడ్డాం. ఆ సంగతి వదిలేసి రాస్తే వాడి సభకి పనికొస్తుంది. నాకు పనికిరాదు. అందుకే వాడికి ఒక పేజీ వేరే రాసిచ్చి, ఇది నాకోసం రాసుకుంటున్నాను.

మా ఇల్లు పాత ఊళ్ళో, పోర్టు గోడకి దగ్గర్లో ఉండేది. రెండు గదులు, వెనక చిన్న పెరడు, పెరట్లో ఒక మునగచెట్టు. ఓడలకి ఎక్కించే ఇనుపరాయి దుమ్ము గాలికి వచ్చి అన్నిటి మీదా కూర్చునేది. ఆరేసిన బట్టలు తీసేసరికి ఎర్రబడేవి. గంధకం దిగే రోజుల్లో వీధంతా అగ్గిపుల్ల గీసిన వాసన. ఇంట్లో మాత్రం నాకు రెండు వాసనలే జ్ఞాపకం. ఒకటి ఎండు నెత్తళ్ళ చేపలది. రెండోది చెక్కది.

నాన్న పోర్టులో ఓడల సరుకు దించే కళాసీ. ఓడలో బరువైన సరుకు కదలకుండా మధ్య మధ్య చెక్కలు పెడతారు. సరుకు దిగాక ఆ చెక్కలు ఎవరికీ అక్కర్లేదు. గేటు దగ్గర చీటీ చూపించి పనివాళ్ళు ఇళ్ళకి తెచ్చుకునేవారు. చాలామంది పొయ్యిలో పెట్టేవారు. మా ఇంట్లో అది పొయ్యి దాకా రావడానికి ఏళ్ళు పట్టేది. ముందు పీట అయ్యేది, లేకపోతే అలమర. కాలు విరిగిన పీట కోళ్ళగూటికి తలుపయ్యేది. ఆ తలుపు పుచ్చిపోయాక పొయ్యి. పొయ్యిలో మిగిలిన బూడిదతో గిన్నెలు తోమేవారు. గిన్నెలు కడిగిన నీళ్ళు మునగచెట్టుకి పోయేవి.

ఇదంతా నడిపించింది మా మామ్మ, నాన్న తల్లి. బియ్యం కడిగిన నీళ్ళతో చేపలు కడిగేది. ఆ నీళ్ళూ చెట్టుకే. చేప తలకాయలు తినగా మిగిలిన ముళ్ళు చెట్టు మొదట్లో పాతేది. రాత్రి మిగిలిన అన్నం తరవాణి కుండలో వేసి పొద్దున్నే ఉల్లిపాయ నంజుకోమని పెట్టేది. పులుపెక్కిన ఆ నీళ్ళు తాగి బడికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండేది కాదు. నాన్న పోర్టులో పారేసిన కాగితాలు తెస్తే వెనకవైపు మేము ఎక్కాలు రాసేవాళ్ళం. ఆ వైపూ నిండాక వాటిలో ఆమె చింతపండు చుట్టేది. అమ్మ ఏదైనా పారెయ్యబోతే, “ఒగ్గీ, ఇంకా పనుంది దానికి,” అనేది. కోపంగా అనేది కాదు.

చెక్కల మీద నల్లరంగుతో అచ్చుగుద్దిన అక్షరాలుండేవి. ఎక్కువ చెక్కల మీదవి మన అక్షరాలూ కావు, ఇంగ్లీషువీ కావు. ఇంగ్లీషు ఆర్ అక్షరం వెనక్కి తిరిగి ఉండేది. మా అన్నయ్య అవి చదవడం వచ్చినట్టు నటించేవాడు. మామ్మ కూర్చునే పీట మీద వేలు పెట్టి, “ముసలి సరుకు, తలకిందులు చెయ్యరాదు,” అని గట్టిగా చదివేవాడు. మామ్మ వాడి వీపు మీద ఒకటి వేసేది. తర్వాత అదే పీట చూపించి ఇంకోసారి చదవమనేది.

నా బడిపెట్టె కూడా ఆ చెక్కే. మూత మీద సరిగ్గా మధ్యలో ఆ తిరగబడిన అక్షరం. క్లాసులో మిగతా అందరివీ రేకు పెట్టెలు, పువ్వులు వేసినవి. నన్ను ఓడపిల్ల అనేవారు. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని మూత మీద మోచేతులు ఆనించి కూర్చునేదాన్ని. టీచరమ్మ చేతులు కట్టుకోమంటే గౌను అంచు లాగి కప్పేదాన్ని. ఇంటికొచ్చి ఏమీ చెప్పేదాన్ని కాదు. చెబితే మామ్మ నవ్వి, ఓడపిల్లేటి తక్కువా అంటుందని తెలుసు. అది వినాలని లేదు నాకు.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో నాన్న మంచి పలకలు తెచ్చాడు. తెల్లగా, పొడుగ్గా, ఒక్క పగులు లేకుండా ఉన్నాయి. ఇల్లంతా సాంబ్రాణి లాంటి వాసన నిండింది. అమ్మ వాటితో మంచం చేయిద్దామంది. మామ్మ ఒక్కొక్క పలకా నిమిరి చూసి, గోడకి ఆనించి, తన ఎత్తు పట్టుకుని చూసుకుంది.

“ఇవి నా పెట్టికి,” అంది.

ఏ పెట్టె అని నాన్న అడిగాడు. అడుగుతూనే అర్థమై, “అప్పుడే ఆ మాటలేటమ్మా, నీకేటయిందని?” అన్నాడు.

“ఏటీ అవ్వనేదు. అయిన్నాడు నువ్వు ఎతుక్కోనక్కర్నేదు. నాకోసరం కొత్త సెట్టు కొట్టించీకు. ఈటితోనే సేయించు.”

మా తాత ఎలమంచిలి దగ్గర పల్లెలో వానాకాలం పోయాడట. సమాధి పెట్టెకి చెక్క దొరకలేదు. చాపలో చుట్టి గోతిలో పెట్టారు. మామ్మ ఆ సంగతి ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. వాన నీళ్ళు గోతిలోకి వస్తుంటే చాప తడిసి నల్లబడిందని, అది తను చూసిందని మాత్రం చెప్పేది. ఆమె కొడుకుని ఏదైనా అడగడం మేము ఎరగం. చీర అడగలేదు, మందు అడగలేదు. ఆ పెట్టె ఒక్కటే అడిగింది. నాన్న సరేనన్నాడు. అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అయితే ఆ పలకలు అటకెక్కలేదు. అందాకా ఊరికే ఎందుకని మామ్మ వాటిని ఇటికల మీద పరిపించి పడుకోవడం మొదలుపెట్టింది. పగలు రెండు పలకలు పెరట్లోకి వచ్చేవి. వాటి మీద ఉప్పు చేపలు ఆరేవి. కాకుల్ని తోలడం నా పని. సాయంత్రం కడిగి ఆరబెట్టి మళ్ళీ లోపల వేసేవాళ్ళం. ఎంత కడిగినా మామ్మ పక్క దగ్గర ఉప్పు చేప వాసన పోయేది కాదు. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం ఉంటే ఆ పలకలే బల్లలు. అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, ఒకసారి వాటి మీద కూర్చుని మామ్మని ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. మీరు కూర్చున్నది నా పెట్టె మీదేనని ఆమె చెప్పింది. ఆయన సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు.

వానలు పడ్డాక వీధి కాలవ నిండింది. మేమిద్దరం ఒక పలక ఎత్తుకెళ్ళి నీళ్ళలో వేశాం. అన్నయ్య ముందు, నేను వెనక. నాలుగిళ్ళు దాటేదాకా తేలింది. మలుపులో బోర్లా పడ్డాం. బురదతో ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మామ్మ ఉంది. నేను ఏడుపు మొదలుపెట్టేశాను. ఆమె ముందు పలకనే చూసింది. తిప్పి రెండోవైపూ చూసింది.

“ములగనేదు గదా,” అంది. “మంచి సెక్కే. కడిగి ఎట్టండి.”

అమ్మ మాత్రం మా ఇద్దరినీ కొట్టింది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా తుఫాను వచ్చింది. పోర్టు వాళ్ళు తుఫాను హెచ్చరిక జెండా ఎత్తారని నాన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. మా వీధి తలుపు అప్పటికే బలహీనంగా ఉంది. మామ్మ తన పక్క తీసేసి ఆ పలకలు తలుపుకి అడ్డంగా కొట్టమంది. నాన్న వద్దన్నాడు. ఎక్కడ పడుకుంటావన్నాడు. గోడ పక్కన కూర్చుంటానంది. నాన్న మేకులు కొడుతుంటే ఆమె పక్కన నిలబడి, తర్వాత పీకడానికి వీలుగా కొట్టమని, ఆ మేకులే పెట్టెకీ పనికొస్తాయని చెప్పింది.

గాలి తగ్గేదాకా తలుపు నిలిచింది. ఇంట్లోకి నీళ్ళు మాత్రం వచ్చాయి. మామ్మ తడి నేల మీదే ఉంది. గాలి తగ్గాక నాన్న పలకలు ఊడదీశాడు. మామ్మ మేకులు ఏరుకుని, గుమ్మం రాయి మీద పెట్టి సుత్తితో వంపులు తీసింది. అప్పటికే దగ్గుతోంది. ఆ దగ్గు తగ్గలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తే మందిచ్చి పంపారు. ఆమె మళ్ళీ ఆ పలకల మీదే పడుకుంది. ఒక తెల్లవారుజామున అమ్మ రాగిపిండితో చోడి అంబలి కలిపి తీసుకెళ్ళేసరికి పోయింది.

మా వీధిలోనే ఒక వడ్రంగి ఉండేవాడు. పొద్దున్నే వచ్చాడు. మామ్మని చాప మీదకి మార్చి ఆ పలకలు తీసుకున్నారు. పెరట్లో చిత్రిక పడుతుంటే తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా పడింది. అలవాటు కొద్దీ అమ్మ ఆ పొట్టు తట్టకెత్తి పొయ్యి దగ్గర పెట్టింది. అక్షరాలు మాత్రం చిత్రికకి పోలేదు. రంగు లోపలికి దిగిపోయింది. ఇంకా లోతుగా పడితే చెక్క పలచబడుతుందని వడ్రంగి అన్నాడు. అక్షరాలున్న వైపు లోపలికి పెట్టి, పైన గుడ్డ వేసేద్దామన్నాడు. అమ్మ తెల్ల లాంగ్‌క్లాత్ తెప్పించింది. చిన్న మేకులతో లోపలంతా గుడ్డ కొట్టారు. మామ్మ సాపుచేసిన మేకులే పెట్టెకి వాడారు. మధ్యాహ్నానికి పెట్టె తయారైంది. సమాధుల తోటలో గొయ్యి తవ్వేవాళ్ళకి కొలత పంపించారు.

చూడ్డానికి అందరూ వచ్చారు. అమ్మకి అక్క ఒకావిడ ఉండేది, మా పెద్దమ్మ. పెదనాన్న రైల్వేలో గుమాస్తా. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ రోజు మా అందరికీ ఆమే అన్నం పెట్టింది. పెట్టెలో గుడ్డ ఒక మూల ఊడితే సర్దుదామని వంగింది. సర్దబోతూ గుడ్డ ఎత్తింది. కింద అక్షరాలు చూసింది.

“ఇదేటే, సరుకు పెట్టిలాగుంది?” అంది అమ్మతో, నెమ్మదిగానే. “ఎవులైనా సూసీరంటే ఏటనుకుంటారు? కన్నతల్లికి సెక్క కూడా కొనలేకపోనాడంటారు.”

గుమ్మంలో నాన్న ఉన్నాడు. విన్నాడు.

అమ్మ ఆ మూల గుడ్డ మళ్ళీ కప్పేసింది. మామ్మ తనే కోరుకుందని చెప్పొచ్చు. మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయం. చుట్టూ ఇస్త్రీ చీరలు కట్టుకున్న చుట్టాలున్నారు. నేను నాన్న మొహం చూశాను. బడిలో పెట్టె మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నాకు ఆ క్షణాన మామ్మ మీద కోపం వచ్చింది.

నాన్న చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి వెనక రిక్షా మీద ఇంకో పెట్టె ఉంది. పైన నల్ల మఖమల్ గుడ్డ, వెండి రంగు శిలువ, రెండు పక్కలా మెరిసే పిడులు. పెద్ద ఆసుపత్రి దగ్గర షాపులో కొన్నాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, ఇప్పుడు బాగుందంది.

అది పెద్ద మనిషికి చేసిన పెట్టె. మామ్మ అందులో ఒక పక్కకి పోయినట్టుంది. చుట్టూ ఖాళీల్లో అమ్మ ఆమె పాత చీరలు మడిచి కూరింది. బొంత కుట్టడానికని మామ్మ దాచుకున్నవి అవి.

సమాధుల తోటలో పెట్టె గోతిలోకి దిగలేదు. గొయ్యి మొదటి పెట్టె కొలతకి తవ్వినది. పక్కకి దించి మళ్ళీ తవ్వారు. అందరం నిలబడి ఉన్నాం. పాడాల్సిన కీర్తన అయిపోయింది. అయ్యగారు ఇంకొకటి ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది. గడ్డపార చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నాన్న తలెత్తలేదు. నా పక్కన అన్నయ్య ఏడవడం ఆపేసి, ఆ పిడుల వైపు చూస్తున్నాడు. ఇంటికొస్తూ నాతో ఒక్క మాట అన్నాడు.

“మామ్మకి దాని మీద నిద్ర పట్టదే.”

ఇంట్లో ఆ మొదటి పెట్టె మిగిలింది. పెరటి గోడకి నిలబెట్టి ఉంది. ఏ వస్తువునీ ఊరికే ఉంచని ఇంట్లో అది ఊరికే ఉంది. విరగ్గొట్టి పొయ్యిలో పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మంచం చేయించమని అనడానికి నోరు రాలేదు. నాన్న పెరట్లోకి రావడం మానేశాడు. స్నానం పోర్టులోనే చేసి వచ్చేవాడు.

ఆ ఏడు తేమకి ఎలకలు ఎక్కువయ్యాయి. చోళ్ళ బస్తాకి చిల్లు పెట్టాయి. ఒక రోజు మేము బడినుంచి వచ్చేసరికి అమ్మ ఆ పెట్టెని వంటింటి పక్కకి లాగించి, పడుకోబెట్టి, అందులో చోళ్ళూ ఎండు చేపలూ పెట్టింది. మూత బిగువుగా ఉండేది. ఎలక దూరలేదు. ఇలాంటి పని మా ఇంటివాళ్ళే చేస్తారు. అమ్మకి అందులో తప్పు కనిపించలేదు. మామ్మ ఉంటే ఆమే చేసేదని అనుకుని ఉంటుంది. రెండురోజులకి పక్కింటామె చోళ్ళు బదులడగడానికి వచ్చింది. అమ్మ ఆమె ముందే మూత తీసి కొలవబోయింది. పక్కింటామె గిన్నె వెనక్కి తీసుకుని, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టుకోలేదు. బడిలో నన్ను ఓడపిల్ల అనడం మానేశారు. ఇంకో పేరు పెట్టారు. అది రాయను.

నాన్నకి ఎవరు చెప్పారో. ఇంటికొచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. మూత తియ్యలేదు. అన్నానికి పిలిస్తే రాలేదు.

ఇది జరిగిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఇద్దరు మనుషులు గుమ్మం ముందుకొచ్చారు. ఒకామె, ఆమె మరిది. ఆమె భర్త నాన్నతో పాటు పనిచేసే కళాసీ. జ్వరం తగ్గక ఆ తెల్లవారే పోయాడు. ఆమె ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

“అన్నా, మీ ఇంటికాడ పెట్టి ఉందంట గదా,” అంది. “మీకు పనుంటే వొద్దు.”

నాన్న వంటింటి పక్కనున్న పెట్టె వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇవ్వడం ఇష్టం లేదనుకుని ఆమె మరిది వెనక్కి తిరగబోయాడు.

“పని నేదు సెల్లీ,” అన్నాడు నాన్న. “లోపట ఓడ అచ్చరాలున్నాయి. ముందే సెప్తన్నాను. సూసినోళ్ళు ఏటేనా అంటారు.”

“ఆడు ఆ ఓడలు దింపినోడే గదన్నా. ఏటంటారు?”

అమ్మ గబగబా చోళ్ళూ చేపలూ తీసి చాప మీద పోసింది. నాన్న, ఆ మరిదీ చెరోపక్కా పట్టుకుని పెట్టె తీసుకెళ్ళారు. మధ్యాహ్నం భూస్థాపనకి మమ్మల్ని తీసుకెళ్ళలేదు. అన్నయ్య చెప్పకుండా వెళ్ళి వచ్చాడు. పెట్టె మూత తీసి ఉన్నంతసేపూ లోపల అక్షరాలు కనిపించాయని, గుడ్డ లేదని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పాడు. గోతిలోకి సరిగ్గా దిగిందట. నాన్న అందరికన్నా ముందు భుజం పట్టాడట. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనేనట. పోయినవాడితో నాన్నకి అంత స్నేహం లేదు.

గుడ్డ ఏమైందో తర్వాతి వారం తెలిసింది. ఆమె మళ్ళీ వచ్చింది. ఆ తెల్ల లాంగ్‌క్లాత్ ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి తెచ్చింది. మేకులు కొట్టిన చోట చిన్న చిల్లులు తప్ప గుడ్డ కొత్తగా ఉంది. అమ్మ చేతుల్లో పెట్టి, “కొత్తదమ్మా, మట్టిలో ఎట్టీడానికి మనసొప్పనేదు. ఆడికి ఆడి దుప్పటి సాలు. గుంటకి గౌనవుద్ది,” అంది. గుంట అంటే నేను.

అమ్మ ఆమెని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చోళ్ళ సంగతి వీధికి తెలిశాక మా ఇంట్లో బయటివాళ్ళు తినడం అదే మొదలు. ఆమె తింటున్నంతసేపూ అమ్మ ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

క్రిస్మస్‌కి నాకు ఆ గుడ్డతోనే గౌను కుట్టింది. చిల్లులు పడిన అంచులు కత్తిరించి తీసేసింది. నాన్నకి తెలుసు. మిషను దగ్గర నిలబడి చూశాడు, వద్దనలేదు. కావాలనీ అనలేదు. ఆ గౌను వేసుకోవాలంటే నాకు భయమేసింది. వేసుకున్నాక బాగానే ఉంది. అద్దంలో చూసుకుని, నేను బాగున్నానని కూడా అనుకున్నాను.

ఆరాధన అయ్యాక చర్చి బయట పెద్దమ్మ కనిపించింది. నన్ను దగ్గరికి తీసుకుని, భుజం దగ్గర గుడ్డని వేళ్ళతో పట్టుకుని చూసింది.

“గుడ్డ బాగుందే. ఎక్కడ తీసేరు?”

ఆమె నన్నే అడిగింది. నేను నాన్న వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. మా చుట్టూ పండగ బట్టల్లో జనం. ఆ గుడ్డ తెచ్చిన ఆమె కూడా ఆ పూట చర్చికి వచ్చింది. మాకు కాస్త దూరంలో పిల్లల్ని పట్టుకుని, తెల్ల చీరలో నిలబడి ఉంది. వినిపించేంత దూరమే.

“బజార్లో కొన్నాను,” అన్నాడు నాన్న.

పెద్దమ్మ తలూపింది. ఆమె వేళ్ళు ఆ గుడ్డని గుర్తుపట్టాయో లేదో నాకు తెలియదు. తెల్ల చీరలో ఉన్నామె పిల్లల్ని తీసుకుని గేటు వైపు నడిచింది. నాన్న ఆమె వెళ్ళిన వైపు చూసి, రెండడుగులు వేసి, ఆగిపోయాడు. నాన్న అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అది ఎవరికీ నష్టం చెయ్యని అబద్ధం. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆయన స్థానంలో నేనుంటే నిజం చెప్పేదాన్నా అని నన్ను నేనే అడుగుతుంటాను. నా తర్వాతి జీవితమంతా చూసుకుంటే చెప్పేదాన్ని కాదనే తెలుస్తుంది. పదిమంది ముందు కొత్తది కొన్నామని చెప్పడం కోసం ఎన్ని కొన్నానో.

ఆ తర్వాత నాన్న ఓడ చెక్క తేవడం మానేశాడు. గేటు దగ్గర చీటీ వేరేవాళ్ళకి ఇచ్చేసేవాడు. వాయిదాల మీద ఇనప మంచం వచ్చింది. నాకు రేకు పెట్టె వచ్చింది, గులాబీ పువ్వులతో. బడిలో ఎవరూ ఏమీ అనలేదు. నేను చాలా సంతోషించాను. పీటలూ అలమరా ఒక్కొక్కటే నీళ్ళ పొయ్యిలోకి పోయాయి. అన్నయ్య ఒక్కడే అవి కాలుతుంటే పక్కన కూర్చునేవాడు.

సంక్రాంతికి ముందో తర్వాతో నాన్న మూత ఉన్న నీలం ప్లాస్టిక్ బక్కెట్టు ఒకటి కొనుక్కొచ్చాడు. వంటింటి గుమ్మం పక్కన పెట్టి, ఇది చెత్తకని, అందరిళ్ళల్లోనూ ఉందని చెప్పాడు. అమ్మ మూత తీసి లోపలికి చూసింది.

“ఇందులో ఏటేస్తారు?” అని అడిగింది.

కొన్నాళ్ళు అది ఖాళీగానే ఉంది. పొద్దున్నే దాని మీద పడ్డ ఎర్ర దుమ్ము తుడిచి అమ్మ మళ్ళీ అక్కడే పెట్టేది. తర్వాత అందరం నేర్చుకున్నాం.